ఖబర్దార్ అనలేని పళ్ల సెట్టు

ఎముకలోకి మరలు దించి, వాటి మీద పళ్లు బిగించే కాలంలో మీరు పని చేస్తున్నారు. మీ యంత్రాలు నోటి లోపలి ప్రతి ఎత్తునూ పల్లాన్నీ కొలిచి చూపిస్తాయని విన్నాను. అయినా, కొలతలన్నీ సరిగ్గా ఉన్న సెట్టు పెట్టుకుని కూడా "ఏదో ఇబ్బందిగా ఉంది" అంటూ తిరిగొచ్చేవాళ్లు ఉంటారని, వాళ్లను చూస్తే విసుగొస్తుందని మొన్న ఒక అమ్మాయి నాతో అంది. ఆమె కూడా మీలాగే పళ్లు తయారుచేసే పనిలో ఉంది. ఆమెకు చెప్పిన సంగతే మీకూ చెబుతాను. ఇది చెప్పడం మొదలుపెడితే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు కూర్చోబుద్ధి కాదు. లేచి అటూ ఇటూ తిరుగుతూ చెబుతాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి కూర్చోక తప్పలేదు.

మాది మెట్‌పల్లి. హైదరాబాదులో పని నేర్చుకుని, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు ఆదిలాబాద్ జిల్లా బొగ్గు గనుల దగ్గర ఒక ఆసుపత్రిలో డెంటల్ మెకానిక్‌గా చేరాను. ఏ గనో, ఏ ఆసుపత్రో రాయను. డాక్టరుగారు పళ్లు పీకి, నోటి అచ్చు తీసేవారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ బొమ్మ చేసి, దాని మీద మైనంలో పళ్లు పేర్చి, ఆ మైనం జాగాలో గులాబీ రంగు ప్లాస్టిక్ నింపి ఉడికించి సెట్టు చేయడం నా వంతు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఈ పని నాకంటే బాగా జిల్లాలో ఎవరికీ రాదని గట్టి నమ్మకం. జిల్లా మొత్తం మీద ఆ పని చేసేవాళ్లం ఇద్దరమో ముగ్గురమో ఉండేవాళ్లం కాబట్టి ఆ నమ్మకానికి పెద్దగా అడ్డం కూడా రాలేదు.

డాక్టరుగారు వయసు మళ్లిన హైదరాబాదీ. మంగళ, శుక్రవారాలు మాత్రమే వచ్చేవారు. మిగతా రోజుల్లో సెట్టు గుచ్చుకుంటోందని ఎవరైనా వస్తే నేనే చూసి, ఆకురాయితో రాకి పంపేవాణ్ణి. పక్క గదిలో మందులిచ్చే కాంపౌండర్ సాబ్ ఉండేవారు. మా రెండు గదుల ముందు పొడుగాటి వరండా, దాని నిండా పొద్దున్నుంచీ రోగులు.

ఆ రోజుల్లో వచ్చాడు ఆ షాట్‌ఫైరర్. గని లోపల బొగ్గు గోడకు రంధ్రాలు వేయించి, మందు దట్టించి పేల్చే మనిషిని షాట్‌ఫైరర్ అంటారు. నలభై ఐదేళ్లవాడు, పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. చిగుళ్లు చీముపట్టి పళ్లన్నీ కదులుతుంటే డాక్టరుగారు విడతలు విడతలుగా అన్నీ తీసేశారు. పుండ్లు మానాక పైదీ కిందిదీ పూర్తి సెట్టు నేను చేశాను. చూస్తే మీకూ ముచ్చటేసేది. అంచులు గీత గీసినట్టు ఉండేవి, పళ్లు ఒకదాని మీద ఒకటి తాళం వేసినట్టు కూర్చునేవి.

"ఎట్లున్నయే?" అని అడిగాను, అద్దం చేతికిచ్చి.

"మంచిగున్నయి సార్."

"కొత్తల నోరు నిండినట్టుంటది. ఫికర్ చెయ్యకు. అలవాటైతది."

తర్వాత మూడు నాలుగుసార్లు వచ్చాడు. మొదటిసారి ఒకచోట చిగురు ఎర్రబడితే రాకాను. ఆ తర్వాత ఎప్పుడడిగినా "ఏం లేదు సార్, అలవాటైతున్నది" అనేవాడు. నా మాటే నాకు తిరిగి చెబుతున్నాడని తట్టలేదు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. డాక్టరుగారు కూడా మురిసిపోయి, పై ఊళ్ల నుంచి ఎవరైనా వస్తే అతన్ని పిలిపించి నోరు తెరిపించి చూపించేవారు. అతను బుద్ధిగా తెరిచేవాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున అతని భార్య వచ్చింది. లక్సెట్టిపేట దిక్కు గోదావరి ఒడ్డు ఊరి మనిషి, చీర కొంగు నడుముకు బిగించి, తలుపు దగ్గరే నిలబడింది.

"సారూ, పండ్లు చేసేది మీరేనా?"

"నేనే అక్కా. ఏమైంది?"

"మీరు చేసిన పండ్లు మా ఆయన నోట్లె ఎన్నడన్న చూసిండ్రా?"

"చూడకేం. మొన్న గూడ చూసిన."

"గీ ఆసుపత్రి గేటు కాడ పెట్టుకుంటడు సారూ. మల్ల గేటు దాటంగనే తీసి అంగి జేబుల ఏసుకుంటడు. ఇంట్ల జొన్న గట్క తాగుతడు. గనిల కేక గూడ బోడి నోటితోనే ఒర్లుతడు. నాలుగు నెలల సంది గిదే కథ."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె మిగతాది కూడా చెప్పింది. అది మీకు అర్థం కావాలంటే ఆ గని పద్ధతి కొంచెం చెప్పాలి. మందు పేల్చే ముందు ఆ చోటుకి వచ్చే ప్రతి దారిలోనూ ఒక మనిషిని కాపలా పెడతారు. షాట్‌ఫైరర్ మూడుసార్లు "ఖబర్దార్" అని కేకేస్తాడు. దారి మూసి ఉంటే కాపలా మనిషి "బంద్" అని తిరిగి కేకేయాలి. అన్ని దిక్కుల నుంచీ బంద్ వినబడ్డాకే పేల్చాలి. ఈల ఊదవచ్చు కదా అని నేనూ అడిగాను. ఈలలు బొగ్గు టబ్బులు లాగేవాళ్ల సైగలట, రెండూ కలిస్తే ఇంకా ప్రమాదం.

ముందు వారం ఇతను బోడి నోటితో వేసిన కేక దూరపు కాపలాదారుకు అర్థం కాలేదు. అతను "ఏందీ" అని తిరిగి అరిచాడు. ఇతనికి అది "బంద్" అని వినబడింది. పేల్చేశాడు. అప్పటికే ఒక ఫిల్లర్, అంటే బొగ్గు ఎత్తే కూలీ, ఆ దారిలోకి ఇరవై అడుగులు వచ్చి ఉన్నాడు. కప్పుకు ఆనించిన ఒక దుంగ చాటున పడి బతికాడు. రెండు రోజులు చెవులు వినబడలేదు, అంతే. కానీ ఆ ఇరవై అడుగులు ముప్పై అయితే ఏమయ్యేదో గనిలో అందరికీ తెలుసు.

"మేనేజర్ సాబ్ పదిరోజులు టైమిచ్చిండు," అంది ఆమె. "కేక సాఫ్ లేకపోతే పైన దీపాల రూముల ఏస్తడట. గది గూడ నౌకరే సారూ, తిండికి తక్కువ గాదు. గాని పదహారేండ్ల సంది కింద మంది పానం కాపాడిన మనిషి. పైన కూసున్నా ఆయన చెవులు కిందనే ఉంటయి. గట్ల ఆయన బతుకడు."

ఆమె వెళ్లిపోయాక నాకు మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఇన్నిసార్లు అడిగితే అబద్ధం చెబుతాడా అని. సాయంత్రం షిఫ్టు దిగి రాగానే పిలిపించాను.

"నాకెందుకు చెప్పలే?"

అతను జేబులోంచి గుడ్డ మూట తీసి, విప్పి, సెట్టు నా బల్ల మీద పెట్టాడు.

"మీరు గంత ఇష్టంగ చేస్తిరి. డాక్టర్ సాబ్ నలుగురికి చూపిచ్చి మురువవట్టె. మంచిగ లెవ్వని ఏ మొగం పెట్టుకొని చెప్పాలె సార్?"

కోపం ఎటు పోయిందో తెలియదు. "పెట్టుకొని ఒకపారి ఒర్రు," అన్నాను.

అతను మెల్లగా అన్నాడు. మెల్లగా అంటే బాగానే వచ్చింది.

"అట్ల గాదు. కింద ఎట్ల ఒర్లుతవో గట్ల."

అతను ఊపిరి పీల్చుకుని నిజంగానే గని కేక వేశాడు. "ఖబర్" వరకు గంట కొట్టినట్టు వచ్చింది. "దా" దగ్గర నోరు పూర్తిగా తెరుచుకునేసరికి పైసెట్టు టక్కున జారి పడింది, కిందిది నాలుక తోసిన తోపుకి ఎగిరి నా ఛాతీకి తగిలింది. నేను దాన్ని పట్టుకునేలోపే బయట పెద్ద గలాటా. వరండాలో ఉన్నవాళ్లంతా గని మనుషులు, గనివాళ్ల పెళ్లాం పిల్లలు. ఆ మాట వింటే ఏం చేయాలో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాలికి కట్టు కట్టుకున్న మనిషి సహా అందరూ ఆవరణ దాటి ఉరికారు. కాంపౌండర్ సాబ్ చేతిలో మందు సీసాతో మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఏం పేలుతున్నది?" అన్నారు.

"ఏం పేలుతలేదు సాబ్. పండ్లు చూస్తున్నం."

ఆయన మా ఇద్దర్నీ, నా చేతిలో ఉన్న సెట్టునూ చూసి, వెళ్లి జనాన్ని వెనక్కి పిలుచుకొచ్చారు.

ఆ రాలిన సెట్టులో నాకు ఒక దారి కనబడింది. అతని నోటి అచ్చు తీసినప్పుడు అతను కుర్చీలో వాలి, సగం నోరు తెరిచి, ఊరకే ఉన్నాడు. ఊరకే ఉన్న నోటికి సరిపోయే పళ్లు చేశాను. అరిచే నోరు వేరు. బుగ్గ కండరం లాగుతుంది, నాలుక లేస్తుంది, అంగిలి వెనక భాగం పైకి పోతుంది. అంచు ఎక్కువైన చోటల్లా అవి సెట్టును ఎత్తి పారేస్తాయి. పుస్తకంలో ఈ ముక్క చదివినవాణ్ణే. పరీక్షలో రాసినవాణ్ణి కూడా. నాలుగు రోజులు కూర్చుని అంచులు తగ్గించాను, వెనక అంచు అంగిలికి అంటుకునేలా కొంచెం పెంచాను. శుక్రవారం డాక్టరుగారి ముందు కుర్చీలో కూర్చోబెట్టి అరిపిస్తే రెండు సెట్లూ కదల్లేదు. డాక్టరుగారు నా వీపు తట్టారు. నేను ఇంటికి ఈల వేసుకుంటూ పోయాను.

శనివారం అతను మళ్లీ వచ్చాడు. ఈసారి అడగకముందే చెప్పాడు.

"ఊడినయి సార్. మొదటి కేకకే."

"నిన్న కుర్చీల ఊడలేదు గదా?"

"కుర్చీల ఊడయి సార్. కింద ఊడుతయి."

మళ్లీ కూర్చోబెట్టి అరిపించాను. ఊడలేదు. గడువుకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. చివరికి లేచి వెళ్లి, నేను గనిలోకి దిగి చూస్తానని మేనేజరుకు అర్జీ రాసిచ్చాను. ఆయన బెంగాల్ నుంచి వచ్చిన మనిషి. కాగితం రెండుసార్లు చదివి, "పళ్లు చేసేవాడికి కింద ఏం పని?" అన్నాడు. "ఆ పళ్లు పనిచేసేది అక్కడే సార్," అన్నాను. సంతకం పెట్టాడు.

ఆసుపత్రిలో రెండేళ్లుగా గనివాళ్ల నోళ్లలో బొగ్గు దుమ్ము కడిగానే గానీ, గని ఎప్పుడూ చూడలేదు. సోమవారం మొదటి షిఫ్టులో, నా కాళ్లకు పెద్దవైన బూట్లు తొడుక్కుని, టోపీకి దీపం తగిలించుకుని, ఓవర్‌మాన్ వెనకాల ఏటవాలు దారిలో దిగాను. కాపలాలన్నీ చూసుకునే పెద్ద అతనే. దిగిన కొద్దీ వేడి, చెమట, కాలిన మందు వాసన. పై కప్పు తలకు తగులుతుందేమోనని వంగి, మోకాళ్లు పట్టేసి, అయినా చిన్నపిల్లాడు జాతరకు పోతున్నట్టు పోయాను.

షాట్‌ఫైరర్ ఉన్న చోట కప్పు ఇంకా కిందికి ఉంది. ఆ పది రోజులూ అతని కేకను పక్కనుండి ఓవర్‌మాన్ తిరిగి వేయాలని మేనేజరు ఆజ్ఞ. నేను పక్కకు ఒదిగి దీపం అతని మొహం మీద పెట్టాను. అతను గొంతుక్కూర్చున్నాడు. ఒక చేయి పేల్చే పెట్టె మీద, ఇంకో చేయి దుంగ మీద. మెడ ముందుకు చాచి, గడ్డం పైకెత్తి, తల పూర్తిగా ఎడమకు తిప్పి కేకేశాడు. తర్వాత కుడికి తిప్పి. తర్వాత భుజం మీదుగా వెనక్కి తిప్పి.

అప్పుడు అర్థమైంది. ఆరు నెలలుగా ఆ మనిషి నోరు చూస్తున్నాను. అతను పని చేయడం ఆ రోజే చూశాను.

"అన్నా, మల్ల ఒకపారి," అని అతని దవడ కింద చేయి పెట్టాను. తల తిప్పి గడ్డం ఎత్తగానే అక్కడి కండ తాడులా బిగుసుకుని ముందుకు వచ్చింది. నా కుర్చీలో, వెనక దిండుకు తల ఆనించి అరిచినప్పుడు ఆ కండ అసలు లేవనే లేవదు. నాకు వెంటనే పైకి పరుగెత్తాలనిపించింది. పేలుడు అయ్యేదాకా ఓవర్‌మాన్ నా భుజం పట్టుకుని ఆపాడు.

మంగళవారం డాక్టరుగారు వచ్చేసరికి మా పనిబల్ల కింద చాప పరిచి ఉంది. సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "పెట్టు మియా, చూద్దాం" అన్నారు. సెట్టు అంచులన్నీ పొట్టిగా కోసేసి, వేడినీళ్లలో మెత్తబడే గోధుమరంగు ముద్ద ఒకటి ఉంటుంది, దాన్ని అంచు చుట్టూ అతికించాను. అది నిమిషం రెండు నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆలోపు నోటి కండలు దాన్ని ఎలా తోస్తే అలా నిలిచిపోతుంది. షాట్‌ఫైరర్‌ను బల్ల కింద గొంతుక్కూర్చోబెట్టి, బల్ల కాలిని దుంగలా పట్టుకోమన్నాను.

వరండాలోంచి కాంపౌండర్ సాబ్ గొంతు వినబడింది. "ఇప్పుడు లోపలకెల్లి కేక ఇనబడ్తది. ఎవ్వలు ఉరకద్దు. కూసోండ్రి."

అతను మూడు దిక్కులకూ అరిచాడు. ముద్ద గట్టిపడింది. మళ్లీ వేడి చేశాను, మళ్లీ అరిచాడు. కింది సెట్టుకు ఐదుసార్లు, పైదానికి నాలుగుసార్లు. అతని గొంతు బొంగురుపోయింది, నా చేతులు బొబ్బలెక్కాయి, డాక్టరుగారు నేల మీద బోర్లా పడుకుని టార్చి పట్టారు.

చివరిసారి తీసి చూస్తే ఒళ్లు ఝల్లుమంది. నేను చేసిన అంచు సాఫీగా, సమంగా ఉండేది. ఇది వంకరటింకరగా ఉంది. ఎడమవైపు లోతుకు దిగింది, కుడివైపు ఒకచోట బొటనవేలితో నొక్కినట్టు లోపలికి పోయింది. హైదరాబాదులో ఇలాంటిది చేసి చూపిస్తే మా గురువు నా మీదికి విసిరేసేవాడు. డాక్టరుగారు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

"మియా, గిది నువ్వు చేసింది గాదు," అన్నారు. "ఆయన చేసుకున్నడు."

ఆ రోజే ఉడికించాను. మర్నాడు, పదో రోజు, పొద్దున అతని నోట్లో పెట్టాను. ఎట్లున్నాయని అడగలేదు. ఇద్దరం కలిసి గనిలోకి దిగాం.

మేనేజరు నన్ను షాట్‌ఫైరర్ దగ్గర ఉండనివ్వలేదు. తనతో పాటు అన్నిటికంటే దూరంగా ఉన్న కాపలా చోటుకు తీసుకుపోయాడు. రెండు మలుపుల అవతల. అప్పుడు "ఏందీ" అని అరిచిన కాపలాదారే ఆ రోజూ అక్కడ ఉన్నాడు. ఓవర్‌మాన్‌ను షాట్‌ఫైరర్ పక్కనే నిలబడమన్నారు గానీ, కేక తిరిగి వేయొద్దన్నారు. ముగ్గురం చెవులు రిక్కించి నిలబడ్డాం. ఎక్కడో నీటి చుక్కలు పడుతున్న చప్పుడు.

వచ్చింది. రెండు మలుపులు తిరిగి, బొగ్గు గోడలకు రాసుకుంటూ వచ్చింది. "ఖబర్దార్." ఆ "దా" ఎంత పొడుగ్గా ఉందంటే, నేను వేళ్లు మడిచి లెక్కపెట్టొచ్చు. రెండోసారి. నేను కళ్లు మూసుకున్నాను. మూడోసారి కూడా అంతే నిండుగా.

కాపలాదారు ఛాతీ నింపుకుని "బంద్" అన్నాడు. మిగతా దిక్కుల నుంచి కూడా బంద్, బంద్ అని వచ్చాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత పాదాల కింద నేల కదిలింది, మొహానికి గాలి కొట్టింది, చెవులు మూసుకుపోయాయి. నేను మేనేజరు చేయి గట్టిగా పట్టుకుని ఉన్నానని చాలాసేపటికి గానీ తెలియలేదు. ఆయన నా వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, "సాఫ్ హై," అన్నాడు. "దీపాల రూముకు ఇంకొకర్ని చూసుకుంట."

పొగలోంచి షాట్‌ఫైరర్ వచ్చాడు. మొహమంతా నల్లగా ఉంది, పళ్లు మాత్రం తెల్లగా, ఉండాల్సిన చోట ఉన్నాయి. కాపలాదారు అతని భుజం మీద చేయి వేసి, "ఇగ మెల్లగ ఒర్రుర్రి అన్నా, నా చెవులు పోతయి" అన్నాడు. మేం పైకి వచ్చేసరికి అతని భార్య గని మూతి దగ్గర జొన్నరొట్టె మూటతో నిలబడి ఉంది. అతను అక్కడే మెట్టు మీద కూర్చుని, అందరూ చూస్తుండగా, రొట్టె తుంచి, నమిలి, మింగాడు. ఆమె అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాత అతను రిటైరయ్యేదాకా ఆ గనిలోనే షాట్‌ఫైరర్‌గా చేశాడు. ఆ సెట్టు మధ్యలో రెండుసార్లు మార్చాను. ప్రతిసారీ చాప పరవాల్సి వచ్చింది.

కానీ ఈ కథలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ తర్వాతి వారం. నా పేరు మారుమోగి జనం పొగడడానికి వస్తారనుకున్నాను. వచ్చారు గానీ, పొగడడానికి కాదు. వరండాలో ఎనిమిదిమంది కూర్చున్నారు. ఒకరు పెట్టెలోంచి, ఒకరు చీర ముడిలోంచి, ఒకరు సిగరెట్టు డబ్బాలోంచి, నేను రెండేళ్లుగా చేసి, బాగున్నాయని చెప్పించుకున్న సెట్లు ఒక్కొక్కటే తీశారు. ముఖం మాడిపోవాల్సింది. నిజం చెప్పాలంటే నాకు పండగలా ఉంది. ఎనిమిది నోళ్లు, ఎనిమిది పనులు. ఒక్కొక్కర్ని కూర్చోబెట్టి, ఇవి ఏం చేస్తుంటే ఊడుతున్నాయని అడగడం మొదలుపెట్టాను. బడిపంతులుకు ఎక్కాలు చెప్పేటప్పుడు. బీడీల కంపెనీ ముసలమ్మకు దారం కొరికేటప్పుడు.

అందరూ పోయాక కాంపౌండర్ సాబ్ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. నేను ఆ ఆసుపత్రిలో చేరిన కొత్తలో చేసిన మొదటి సెట్టు ఆయనదే.

"నాయి గూడ జర చూడు," అన్నారు.

"మీకేంది సాబ్, రోజు పెట్టుకునే ఉంటరు గదా. ఏం చేసేటప్పుడు ఊడుతయి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "నవ్వేటప్పుడు," అన్నారు.

రెండేళ్లలో ఆయన నవ్వగా మేమెవరం చూడలేదు. అది ఆయన స్వభావం అనుకున్నాం.

మంగళవారం అంచుకు ముద్ద అంటించి ఆయన నోట్లో పెట్టాం. ఇప్పుడు నవ్వాలి. డాక్టరుగారు తనకు తెలిసిన హాస్యాలన్నీ చెప్పారు, ఆయన మర్యాదగా విన్నారు. ముద్ద గట్టిపడింది. మళ్లీ వేడి చేశాను. నేను ఏదో చెప్పాను, అదీ పారలేదు. మూడోసారి గది ఊడ్చే ఆయమ్మ మా ముగ్గుర్నీ వరసగా చూసి, చీపురు పక్కన పెట్టి, "పండ్లు పెట్టేటోళ్లు ఇద్దరు, నవ్వించేటోడు ఒక్కడు లేడా సార్" అంది. కాంపౌండర్ సాబ్ భుజాలు మొదట కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత గదంతా నిండేలా, కళ్లలో నీళ్లొచ్చేలా ఆయన నవ్వారు. నేను గడియారం చూశాను.

"ఆపకుండ్రి సాబ్," అన్నాను. "ఇంకా గట్టిపడలే."